ప్రాణహిత పెరుగుతోంది, అత్తమ్మ కదలనంటోంది. ఇల్లు ఎప్పుడు వదలాలి?

ఒడ్డుమీదిల్లు:

మాది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా, ప్రాణహిత ఒడ్డు ఊరు. ఊరి పేరు రాయను. చిన్న ఊరు, పేరు రాస్తే ఇల్లు కూడా తెలిసిపోతుంది. నేను మంథని వైపు నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చాను. ఎప్పుడూ వానాకాలంలో మా ఆయన ఇంట్లోనే ఉండేవారు. ఈసారి రామగుండంలో కాంట్రాక్టు పని దొరికి అక్కడున్నారు. ఇంట్లో నేను, మా అత్తమ్మ, నాలుగో తరగతి చదివే మా బాబు. దొడ్లో రెండు బర్రెలు, ఒక దుడ్డె.

నిన్న పొద్దున బట్టలుతికే బండ మునిగింది. సాయంత్రానికి దాని పైన ఉన్న తుమ్మచెట్టు మొదట్లోకి నీళ్లొచ్చాయి. నది ఎర్రగా, నురగతో పోతోంది. మధ్యలో చెట్ల దుంగలు కొట్టుకుపోతున్నాయి. విచిత్రం ఏంటంటే ఇక్కడ వాన లేదు. ఎండ కొడుతోంది, అత్తమ్మ వాకిట్లో మిరపకాయలు కూడా ఎండబోసింది.

ఊరి వాట్సాప్ గ్రూపులో తహసీల్ ఆఫీసు మెసేజ్ వచ్చింది. అంతా మరాఠీ. నాకు మాట్లాడటం వచ్చు గానీ చదవడం అంతంతమాత్రం. మా బాబు చదివి చెప్పాడు: గోసీఖుర్ద్ డ్యాం నుంచి నీళ్లు వదిలారు, నది ఒడ్డు గ్రామాల వాళ్లు జాగ్రత్తగా ఉండాలి అని. జాగ్రత్తగా ఉండటం అంటే ఏం చేయాలో మాత్రం అందులో లేదు. సామాను సర్దుకోవాలా, ఇప్పుడే వెళ్లిపోవాలా, చూస్తూ కూర్చోవాలా?

అత్తమ్మను అడిగితే "ఎనభై ఆరులో అంత గంగ వచ్చినప్పుడే మన గడప తడవలేదు" అంటుంది. 2022లో నీళ్లు దొడ్లోకి వచ్చాయి, ఇంట్లోకి రాలేదు. కానీ అప్పుడు మా ఆయన ఉన్నారు, ట్రాక్టర్ మాట్లాడి అర్ధరాత్రి అందరినీ తీసుకెళ్లారు. ఇప్పుడు ఆ అర్ధరాత్రి పని నేనొక్కదాన్నే చేయాలి. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, గబగబా నడవలేదు.

ఫలానాది కనబడితే బయల్దేరు అని ఎవరైనా చెబితే అదే చేస్తాను. బర్రెలను ఏం చేయాలో కూడా చెప్పండి. టెన్షన్‌తో రాత్రి నిద్ర పట్టలేదు.

సిటీబాయ్_మంచిర్యాల:

అక్కా, రెడ్ అలర్ట్ ఇచ్చారేమో ఫోన్‌లో చూడండి. ఇస్తే వెళ్లిపోండి, లేకపోతే ఉండండి. ఇంత ఆలోచన దేనికి?

పాత_నావ:

తమ్ముడూ, జిల్లాలకు ఇచ్చే ఆ రెడ్ అలర్ట్ వానకు. నదికి కాదు. గడ్చిరోలికి ఏ రంగూ లేని రోజున కూడా ప్రాణహిత ఒడ్డు దాటగలదు. ఆమె వాకిట్లో మిరపకాయలు ఎండుతున్నాయని రాసింది కదా, అది చదవలేదా నువ్వు?

బిడ్డా, నాది సిరొంచే. వంతెన పడకముందు కాళేశ్వరం రేవుకు నావ నడిపేవాణ్ని. వంతెన వచ్చాక నావకు పని లేదు, కిరాణం కొట్టు పెట్టుకున్నాను. నీళ్ల సంగతి కాస్త తెలుసు కాబట్టి రాస్తున్నాను, పొడుగైతే విసుక్కోకు.

ముందు, ఎండ కొడుతుంటే నది ఎందుకు పెరుగుతోందో చెబుతాను. ప్రాణహిత నీళ్లు మన ఊళ్లో కురిసినవి కావు. భండారా, నాగపూర్ వైపు పడింది వైన్‌గంగలో వస్తుంది. యవత్మాళ్, వార్ధా, చంద్రపూర్ వైపు పడింది పెన్‌గంగ, వార్ధా నదుల్లో వస్తుంది. అన్నీ తుమ్మిడిహెట్టి దగ్గర కలిస్తే ప్రాణహిత. అక్కడి నుంచి మన కాళేశ్వరం దాకా 113 కిలోమీటర్లు. గోసీఖుర్ద్ ఇంకా పైన, పవనీ దగ్గర. 33 గేట్ల డ్యాం. అక్కడ వదిలిన నీళ్లు వడ్సా, ఆష్టి దాటి మన దాకా రావడానికి ఇంచుమించు రెండు రోజులు పడుతుంది. అంటే ఆ మెసేజ్ వచ్చిన రోజు భయపడాల్సిన పని లేదు, పనులు మొదలుపెట్టాలి. చాలామంది తిరగేసి చేస్తారు. మెసేజ్ వచ్చిన రోజు ఒకటే కంగారు. మర్నాడు ఏమీ కాలేదని నవ్వుకుంటారు. ఆ తర్వాతి రాత్రి నీళ్లొస్తాయి.

ఫోన్‌లో చూడాల్సింది ఒకటుంది. కేంద్ర జలసంఘం వాళ్ల ఫ్లడ్‌వాచ్ ఇండియా యాప్. అందులో వైన్‌గంగ మీద ఆష్టి, ప్రాణహిత మీద టేకడా చూడు. టేకడా మన తాలూకాలోదే. అక్కడి నీటిమట్టం మీటర్లలో ఉంటుంది, ఆ అంకె ఎంత అన్నది నీకు అక్కర్లేదు. పొద్దున ఎంత, మధ్యాహ్నం ఎంత, పెరుగుతోందా ఆగిందా, అదే చూడు. ఆష్టిలో ఇంకా పెరుగుతుంటే మనకు రావాల్సింది ఇంకా ఉందని అర్థం.

ఇక అసలు సంగతి. నువ్వు నదిని చూస్తున్నావు. బండ మునిగింది, తుమ్మచెట్టు దాకా వచ్చింది అంటున్నావు. నదిని అందరూ చూస్తారు, చూడ్డానికి బాగుంటుంది కూడా. కానీ మన ఒడ్డు ఊళ్లకు నీళ్లు ముందు నుంచి రావు, వెనక నుంచి వస్తాయి. 2022లో మీ దొడ్లోకి ఎటు నుంచి వచ్చాయో గుర్తు తెచ్చుకో. దొడ్డి ఇంటి వెనకే కదా ఉండేది?

కాళేశ్వరం దగ్గర గోదావరి నిండుగా ఉంటే ప్రాణహితకు పోవడానికి దారి ఉండదు. కింద సోమనూర్ దగ్గర ఇంద్రావతి కూడా పొంగితే గోదావరికే దారి ఉండదు. అప్పుడు మన దగ్గర నది పరిగెత్తడం మానేసి నిలబడి ఉబ్బుతుంది. ఆ ఉబ్బు ఊరి పక్క వాగులోకి ఎదురెక్కుతుంది. వాగు పొలాల వెనక నుంచి తిరిగి రోడ్డు మీదికి వస్తుంది. నది గట్టుకు ఇంకా బారెడు కింద ఉండగానే రోడ్డు మునుగుతుంది. ఊరు తడవదు, కానీ బయటికి దారి ఉండదు. ఆ తర్వాత ఇంట్లోకి నీళ్లొస్తే పడవ కోసం ఎదురు చూడటమే.

అందుకే రోజుకు మూడుసార్లు మీ రోడ్డు మీది కల్వర్టు దగ్గరికి పో. లేదా మీ బాబును పంపకుండా పెద్దవాళ్లెవరినైనా పంపు. వాగులో ఒక ఆకు వెయ్యి. మోదుగాకు అయితే మంచిది, పెద్దగా కనబడుతుంది. అది నది వైపు పోతుంటే ఇబ్బంది లేదు. పోకుండా అక్కడక్కడే తిరుగుతుంటే సామాను ట్రాక్టర్ ఎక్కించు. ఊరి వైపు తిరిగి వస్తోందంటే సామాను వదిలెయ్, మనుషులు బయల్దేరండి. కల్వర్టు తూముల నోళ్లు సాయంత్రానికి కనబడకుండా పోతే ఆ రాత్రి ఊళ్లో పడుకోవద్దు. వాగు ఎటు పోతున్నా సరే.

మీ అత్తమ్మ మాట అబద్ధం కాదు. 1986 ఆగస్టులో భద్రాచలంలో 75.6 అడుగులు వచ్చింది, 2022 జూలైలో 71.3 అడుగులే. పెద్దవాళ్లు ఆ లెక్క పట్టుకుని ఎనభై ఆరే పెద్దది అంటారు. కానీ భద్రాచలం కింద ఎక్కడో ఉంది, మధ్యలో ఇంద్రావతి, తాలిపేరు కలుస్తాయి. అక్కడి అడుగులతో మన గడపను కొలవలేం. పైగా ఎనభై ఆరులో మీ ఊరి రోడ్డు ఇంత ఎత్తుందా? వాగు మీద కల్వర్టు ఉందా? నీళ్లు పొలాల మీదుగా అటు నుంచి ఇటు పోయేవి. ఇప్పుడు రోడ్డు కట్టలాగా అడ్డం నిలబడుతుంది.

ఎక్కడికి పోవాలంటావా, సిరొంచలో ఎత్తు మీద చుట్టాలుంటే వాళ్లింటికి. లేకపోతే పంచాయతీ వాళ్లు చూపించిన బడికి. పుట్టిల్లు దగ్గరే కదా అని వంతెన దాటి పోవాలనుకోకు. 2022లో మంథనిలోనూ నీళ్లు వచ్చాయి, దారి మధ్యలో ఇరుక్కుంటారు.

అత్తమ్మను కదిలించే మాటకొస్తే, వాదించకు. ఆమె మనసు బర్రెల మీద ఉంటుంది. ముందు బర్రెలను పంపించు.

ఒడ్డుమీదిల్లు:

కాకా, నిజమే, అప్పుడు నీళ్లు దొడ్డి వైపు నుంచే వచ్చాయి. ఇన్నాళ్లూ అది ఆలోచించనే లేదు. సాయంత్రం పక్కింటి బావతో కలిసి కల్వర్టు దగ్గరికి వెళ్లాను. ఆకు నది వైపే పోయింది, కానీ చాలా మెల్లగా. తూముల నోళ్లు పైన జానెడు కనబడుతున్నాయి. యాప్‌లో టేకడా దగ్గర పొద్దుటి కంటే పెరిగింది.

బర్రెలను పంపడం అంటే ఎలా? సిరొంచ దాకా నడిపించుకుని పోవాలా? ఒకటి కొత్త మనుషులు పగ్గం పట్టుకుంటే కదలదు.

పశువుల_మందులమ్మ:

నేను పశువుల దవాఖానలో పని చేస్తాను, చంద్రపూర్ జిల్లాలో. మా దగ్గరా వార్ధా ఒడ్డు ఊళ్లున్నాయి కాబట్టి ఈ గొడవ ప్రతి ఏడూ చూస్తాం.

దుడ్డెను ముందు నడిపించండి. తల్లి దాని వెనకే వస్తుంది, తల్లి వెనక రెండోది వస్తుంది. పగ్గం ఎవరు పట్టుకున్నారన్నది అప్పుడు పట్టించుకోదు. చీకట్లో, నీళ్లలో మాత్రం ప్రయత్నం చేయొద్దు. బర్రె బెదిరితే తెలిసిన చోటికే పరిగెత్తుతుంది, అంటే మళ్లీ మీ కొట్టంలోకే. కాబట్టి పగలు, రోడ్డు పొడిగా ఉండగానే. పాలు పిండాక తోలండి, నిండు పొదుగుతో దూరం నడవడం వాటికి కష్టం.

ఏ కారణం చేతనైనా వదిలి వెళ్లాల్సి వస్తే తలుగు విప్పేసి వెళ్లండి. కొట్టం తలుపు కూడా తీసిపెట్టండి. బర్రె బాగా ఈదుతుంది. వరదల్లో నేను చూసిన చచ్చిన పశువుల్లో చాలా వాటికి మెడలో తాడు ఉంది, ఆ తాడు ఇంకో కొస గుంజకు ఉంది. దొంగలెత్తుకుపోతారని కట్టేసి వెళ్తారు, ఏం చెప్పాలి.

చెవికి పసుపు బిళ్ల ఉంటుంది కదా, దాని మీద 12 అంకెల నంబర్. బిళ్ల కనబడేలా ఒకటి, మొత్తం పశువు కనబడేలా ఒకటి ఫోటోలు తీసి ఆయన ఫోన్‌కు పంపండి. తప్పిపోయినా, ఏమైనా అయినా ఆ నంబరే సాక్ష్యం. గొంతువాపు టీకా ఈ ఏడు వేయించారా? వేయించకపోతే సిరొంచ చేరగానే దవాఖానలో అడగండి. పశువులన్నీ ఒకచోట చేరి తడిసినప్పుడే అది పాకుతుంది. తిరిగొచ్చాక బురద పట్టిన గడ్డి పెట్టకండి, ఎంత గడ్డి పోయినా సరే.

అసరెల్లి_పత్తి:

అందరూ ఆకులు, దుడ్డెలు అంటున్నారు గానీ అసలు మాట ఎవరూ అనరు. ఇదంతా గోదావరి మీద తెలంగాణ కట్టిన మేడిగడ్డ బ్యారేజీ వల్ల. 2019లో అది మొదలయ్యాకే మా పొలాలు ఇలా అయ్యాయి. నాకున్నది నది వైపు భూమి, పత్తి ఎన్నిసార్లు పోయిందో లెక్క లేదు. అటు రాష్ట్రం వాళ్లు కట్టుకున్నారు, ఇటు రాష్ట్రం వాళ్లం మునుగుతున్నాం. భూమి కొంటామన్నారు, డబ్బుల కోసం మేం దీక్షలకు కూర్చోవాల్సి వచ్చింది. ఆమెకు సలహాలు కాదు, న్యాయం కావాలి.

పాత_నావ:

నీ కోపం నాకు తెలుసు, మా తమ్ముడి భూమి కూడా అటే. ఆ లొల్లి నేను కాదనను. కానీ రేపు రాత్రి ఈమె ఎక్కడ పడుకోవాలన్నది ఇప్పుడు అడుగుతున్న సంగతి.

నువ్వు ఎత్తావు కాబట్టి ఒక మాట చెప్పాలి. టీవీలో "మేడిగడ్డ 85 గేట్లు ఎత్తివేత" అని వస్తే మన వైపు ఊళ్లలో జనం పరుగులు పెడతారు. ఆమె ఊరు ప్రాణహిత ఒడ్డున, బ్యారేజీకి ఎగువన ఉంది. అక్కడ గేట్లు ఎత్తితే ఆమెకు మంచిదే, నీళ్లు దిగుతాయి. దిగువన ఉన్న నీలాంటి వాళ్లది వేరే లెక్క. 2023 అక్టోబర్‌లో పిల్లర్లు కుంగాక అక్కడ నీళ్లు నిలపడం లేదు, గేట్లు ఎత్తే ఉన్నాయి. ఆమె వినాల్సిన గేట్ల వార్త గోదావరి మీద పైన ఉన్న ఎల్లంపల్లి ప్రాజెక్టుది. ఆ నీళ్లు గోదావరిలో కాళేశ్వరం దాకా వచ్చి ప్రాణహితను నిలబెడతాయి. పై నుంచి గోసీఖుర్ద్, పక్క నుంచి ఎల్లంపల్లి, కింద ఇంద్రావతి. మూడూ ఒకే వారంలో వస్తే ఏమవుతుందో 2022 జూలైలో చూశాం. మేడిగడ్డ దగ్గర 28 లక్షల క్యూసెక్కుల పైచిలుకు పోయింది అప్పుడు. కన్నెపల్లి పంప్‌హౌస్ మోటార్లే మునిగాయి, మన ఇళ్లెంత.

అసరెల్లి_పత్తి:

సరే కాకా. బర్రెలకు ట్రాక్టర్ కావాలంటే మెసేజ్ పెట్టమనండి, మా బామ్మర్ది సిరొంచలోనే ఉంటాడు.

సేవా_కేంద్రం:

నేను ఆపలే సర్కార్ సేవా కేంద్రం (మన వైపు మీసేవ లాంటిది) నడుపుతాను, వరద తర్వాత నా దగ్గరికి జనం ఏడుస్తూ వస్తారు. వరదకు ముందే ఓ అరగంట పని చేసుకుంటే ఆ ఏడుపు సగం తగ్గుతుంది.

ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, సాత్‌బారా (భూమి పత్రం) అన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టుకోండి. ఇది అందరూ చెప్పేదే. నేను చెప్పేది పొలం గురించి. ఈ-పీక్ పాహణీ, అంటే ఫోన్‌లో పంట నమోదు, చేశారా? చేయకపోతే సాత్‌బారా మీద ఈ ఏడు పంట ఎక్కదు. పంట ఎక్కకపోతే, మునిగింది వరి అని మీరంటారు, ఖాళీ భూమి అని కాగితం అంటుంది. రెండోది, భూమి ఎవరి పేరు మీద ఉంది? మీ మామగారి పేరు మీదే ఉండి ఆయన లేకపోతే, డబ్బు ఎవరి ఖాతాలో వేయాలో తేలక ఆగిపోతుంది. వారసుల పేర్లు ఎక్కించమని తలాఠీకి (ఊరి రెవెన్యూ ఉద్యోగికి) అర్జీ పెట్టుకోవాలి. అది ఈ వారం పని కాదు, కానీ మర్చిపోకండి.

నీళ్లు తగ్గాక బురద కడిగేయాలని చేతులు దురద పెడతాయి. కడగకండి. ముందు గోడ మీద నీటి గీత, తడిసిన బస్తాలు, పడిపోయిన కొట్టం, అన్నీ ఫోటోలు తీయండి. ఇంటి నంబర్ కనబడాలి. తలాఠీ పంచనామాకు (నష్టం రాసుకోవడానికి) వచ్చినప్పుడు మీరు అక్కడ ఉండండి, రాసింది చదివించుకుని సంతకం పెట్టండి. మీ బాబు మరాఠీ చదువుతాడు కదా, వాణ్ని పక్కన నిలబెట్టుకోండి, సిగ్గుపడాల్సింది ఏం లేదు. తర్వాత జాబితా అంటిస్తారు, అందులో మీ పేరు పక్కన మీకిచ్చిన ప్రత్యేక నంబర్, వీకే నంబర్, ఉంటుంది. కేవైసీ అడిగితే అది తీసుకుని మా లాంటి కేంద్రానికి వచ్చి వేలిముద్ర వేసి చేసుకోవాలి, లేకపోతే డబ్బు ఆగిపోతుంది. ఈ ఒక్క మెట్టు తెలియక ఆగిపోయిన వాళ్లు చాలామంది.

ఎంత వస్తుందని అడగకండి. 2022లో వానాధార పంటకు హెక్టారుకు 13,600 రూపాయలు, మూడు హెక్టార్ల దాకా ఇచ్చారు. ఏ ఏడు జీఆర్ (ప్రభుత్వ ఉత్తర్వు) ఆ ఏడుదే. మొన్న పెట్టుబడికి ఎంత అయిందో మీకే తెలుసు.

ఒడ్డుమీదిల్లు:

సిరొంచ నుంచి రాస్తున్నాను. మా ఆడపడుచు అత్తగారింట్లో ఉన్నాం.

పొద్దున కల్వర్టు దగ్గర ఆకు వేస్తే కదల్లేదు. తూముల నోళ్లు నాలుగు వేళ్ల మందం కనబడుతున్నాయి. పాలు పిండి, దుడ్డెను ముందు పెట్టుకుని పక్కింటి బావ బయల్దేరాడు. తల్లి వెనకే పోయింది, ఆ మొండిది కూడా పోయింది. అత్తమ్మ వాకిట్లో నిలబడి చూసింది. అవి మలుపు తిరిగే సరికి "వాటికి కుడితి ఎవరు పెడతారే అక్కడ?" అని చెప్పులు వేసుకుంది. నేను ఒక్క మాట అనలేదు. అసరెల్లి అన్న పంపిన ట్రాక్టర్‌లో ఒడ్ల బస్తాలు, గ్యాస్ బండ, కాగితాలు, అత్తమ్మ అందరం వచ్చాం. యూరియా బస్తాలు అటక మీద పెట్టించాను. మిరపకాయలు సగం ఎండాయి, గోనెసంచిలో తెచ్చాను, ఏమవుతాయో.

మధ్యాహ్నం బావ ఫోన్ చేశాడు. కల్వర్టు మీద నీళ్లు పారుతున్నాయట. ఇళ్లల్లోకి ఇంకా రాలేదు. ఊళ్లో ఇంకా కొన్ని కుటుంబాలు ఉన్నాయి, వాళ్లకు ఎవరు చెబుతారు? సర్పంచ్‌కు ఫోన్ చేశాను, తహసీల్ వాళ్లకు చెప్పానన్నాడు.

ఇంకో సంగతి. గడ్డి తేలేకపోయాం. ఇక్కడ పశువుల గడ్డి ఎక్కడ దొరుకుతుంది?

పాత_నావ:

ఉన్నవాళ్ల ఇళ్లు ఎన్ని, ముసలివాళ్లు, చంటిపిల్లలు ఎంతమంది అని రాసి తహసీల్ ఆఫీసుకు నువ్వూ ఒకసారి చెప్పు. 1077కు కూడా చెయ్యి, అది జిల్లా కంట్రోల్ రూమ్. తెలంగాణ టవర్ పట్టుకుంటే ఫోన్ అటు పోతుంది, అందుకే ముందు ఏ జిల్లానో అడుగు. ఒకరు చెబితే రాసుకుంటారు, నలుగురు చెబితే పడవ పంపుతారు.

గడ్డి మా కొట్టు వెనక ఉంది, వరిగడ్డి, పొడిగానే ఉంది. ఇక్కడే మెసేజ్ పెట్టు, కొట్టు ఎక్కడో చెబుతాను. సంచులు మీవి తెచ్చుకోండి, నా దగ్గర లేవు.

పశువుల_మందులమ్మ:

ఒకేసారి కడుపు నిండా పెట్టకండి. నడిచి వచ్చిన పశువులు. ముందు నీళ్లు, తర్వాత కొద్దికొద్దిగా గడ్డి.